మన లాయర్ ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (క్లయింట్లకు సలహా ఇచ్చి, వాళ్ల కాగితాలూ కేసులూ చూసే లాయరు) అవుదామనుకున్న మన లాయర్లలో చాలామంది మొదట చేసే పని కోచింగ్‌కి ఫీజు కట్టడం. పాస్‌పోర్టులో పేరు ఒకలా, డిగ్రీ పట్టా మీద ఇంకోలా ఉందని పరీక్ష బుక్ చేసుకునే రోజున చూసుకుంటారు. బార్ కౌన్సిల్ నుంచి ఒక కాగితం కావాలని అంతకంటే ఆలస్యంగా తెలుస్తుంది. పరీక్ష కష్టమే, కాదనను. కానీ బాగా చదివేవాళ్లను కూడా నెలల తరబడి ఆపేసేది ఎక్కువగా పనుల వరస తప్పడమే. అందుకని ఏది ముందు చేయాలో ఆ వరసలోనే చెబుతున్నాను.

ఎవరు ఏమిటో ముందే తెలిసి ఉంటే మంచిది. ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిసి ఒకే న్యాయపరిధి. స్కాట్లాండ్‌కీ, ఉత్తర ఐర్లాండ్‌కీ చట్టాలు వేరు, సంస్థలు వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్లకు అనుమతి ఇచ్చేది, తప్పు చేస్తే చర్య తీసుకునేది సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ. అందరూ ఎస్‌ఆర్‌ఏ అంటారు. లండన్ చాన్సరీ లేన్‌లో ఉన్న లా సొసైటీ సొలిసిటర్ల తరఫున మాట్లాడే సంఘం. మీ దరఖాస్తుతో దానికి పని లేదు.

1. మీరు ఏ దారిలో వెళ్తున్నారో తేల్చుకోండి

2021 సెప్టెంబరు 1 నుంచి సొలిసిటర్స్ క్వాలిఫయింగ్ ఎగ్జామినేషన్, అంటే ఎస్‌క్యూఈ అమల్లోకి వచ్చింది. అంతకుముందు విదేశీ లాయర్లకు వేరే బదిలీ పరీక్ష ఉండేది, ఇప్పుడు అది లేదు. ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతున్న పాత సలహాలు ఆ కాలంవి. తేదీ చూసి పక్కన పెట్టండి.

దారులు రెండు. ఒకటి, ఏదైనా డిగ్రీ ఉన్నవాళ్లది. వాళ్లు ఎస్‌క్యూఈ రెండు భాగాలూ (ఎస్‌క్యూఈ1, ఎస్‌క్యూఈ2) పాసవ్వాలి, రెండేళ్ల పని అనుభవం చూపాలి, నడవడిక పరిశీలనలో నెగ్గాలి. రెండోది, ఇంకో దేశంలో ఇప్పటికే లాయరుగా అర్హత ఉన్నవాళ్లది. వీళ్లు ఆ రెండేళ్ల అనుభవం చూపనక్కర్లేదు. మన వాళ్లకు అసలు లాభం ఇక్కడే ఉంది, చేజార్చుకునేది కూడా ఇక్కడే.

ఎలాగంటే, ఎల్‌ఎల్‌బీ అవ్వగానే ఎన్‌రోల్‌మెంట్ సంగతి తర్వాత చూద్దామని నేరుగా యూకేలో ఎల్‌ఎల్‌ఎంకి వెళ్లిపోతారు. ఎల్‌ఎల్‌ఎం మంచి చదువే గానీ, సొలిసిటర్ కావడానికి అది మెట్టు కాదు. దాని వల్ల ఎస్‌క్యూఈలో ఒక్క పేపరు కూడా తగ్గదు. బార్ కౌన్సిల్‌లో పేరు లేకపోతే మీరు అక్కడ మామూలు డిగ్రీవాళ్ల కిందే లెక్క. కాబట్టి విమానం ఎక్కేముందే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వండి, ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ పాసై సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ చేతిలో పెట్టుకోండి. ఇక్కడ కొన్ని నెలలు ఆగితే అక్కడ రెండేళ్లు కలిసొస్తాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. పూర్తికాలపు జీతం ఉద్యోగంలో చేరితే ప్రాక్టీసు నిలిపేసుకుని ఆ సంగతి బార్ కౌన్సిల్‌కి చెప్పాలన్నది మన నిబంధన. లండన్‌లో పారాలీగల్ (సొలిసిటర్ల కింద న్యాయపని చేసే సహాయకులు) ఉద్యోగం వచ్చినవాళ్లకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఎన్‌రోల్‌మెంట్ ఆ స్థితిలో ఉండగా మిమ్మల్ని అర్హత ఉన్న లాయరుగా లెక్కిస్తారా అన్నది స్నేహితులను అడిగి తేల్చుకునే విషయం కాదు. ఎస్‌ఆర్‌ఏకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

కొన్నేళ్లు ప్రాక్టీసు చేసినవాళ్లు ఎస్‌క్యూఈ2 నుంచో, ఎస్‌క్యూఈ1లో ఒక పేపరు నుంచో మినహాయింపు అడగవచ్చు. అడిగితే వస్తుందని లేదు. మీ చదువు, అనుభవం ఆ పరీక్ష కొలిచే విషయాలతో సరిపోతాయని మీరే నిరూపించాలి. జిల్లా కోర్టులో సివిల్, క్రిమినల్ కేసులు చేసిన లాయరుకైతే ఆ దరఖాస్తు మీద పెట్టే కాలం చదువు మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. బహుళజాతి సంస్థల ఒప్పందాల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు మాత్రం ప్రయత్నించవచ్చు.

2. పేరు సరిచేసుకోండి

నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, తెలుగువాళ్లకు ఇది పెద్ద పని. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అది పూర్తిగా విడదీసి ఉంటుంది, లేదా ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకేచోట ఉంటుంది. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు కూడా చేరుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఇంకో పొర.

పరీక్ష రోజున మీరు చూపే గుర్తింపు కార్డులో పేరు, మీరు బుక్ చేసుకున్న పేరు ఒకటే కావాలి. తేడా ఉంటే హాల్లోకి పంపకపోవచ్చు. అందుకని పాస్‌పోర్టులో ఉన్న పేరునే మూలంగా పెట్టుకుని, ఎస్‌ఆర్‌ఏ వెబ్‌సైట్‌లో ఖాతా, పరీక్ష నడిపే కాప్లాన్ సంస్థ వెబ్‌సైట్‌లో ఖాతా, రెండూ అదే స్పెల్లింగ్‌తో తెరవండి. పాస్‌పోర్టులోనే తప్పుంటే ముందు దాన్ని మార్పించి ఆ తర్వాత మిగతావి మొదలుపెట్టండి. పట్టాల మీద పేరు వేరుగా ఉంటే, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

మార్కుల ట్రాన్‌స్క్రిప్టు విశ్వవిద్యాలయం నుంచి ఎంత తొందరగా తెప్పించుకుంటే అంత మంచిది. మీ మీద వృత్తిపరమైన చర్యలేవీ లేవని బార్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మాత్రం తొందరపడి తీసుకోకండి. సొలిసిటరుగా చేరడానికి దరఖాస్తు పెట్టేటప్పుడు అది తాజాగా ఉండాలి. పాతబడితే మళ్లీ తిరగాలి.

నడవడిక పరిశీలన గురించి కూడా ఇక్కడే ఆలోచించండి. కాలేజీ రోజుల్లో ధర్నాలో పెట్టిన కేసు, లోక్ అదాలత్‌లో రాజీపడిన గొడవ, పరీక్షలో కాపీ కొట్టారని డిబార్ చేసిన సంగతి, తీరని అప్పులు, ఇవన్నీ చెప్పాల్సినవే. ‘కొట్టేసిన కేసే కదా, ఎవరికి తెలుస్తుంది’ అనే ధోరణి ప్రమాదం. చిన్న విషయం చెబితే చాలాసార్లు దాటిపోతుంది. దాచి దొరికితే అది నిజాయితీ లేకపోవడం కిందకు వస్తుంది, దాన్ని క్షమించడం ఎస్‌ఆర్‌ఏకి చాలా కష్టం. అనుమానం ఉన్నవాళ్లు పరీక్ష ఫీజు కట్టకముందే ముందస్తు పరిశీలన అడగవచ్చు. వేల పౌండ్లు ఖర్చయ్యాక కాదనిపించుకోవడం కన్నా అది నయం.

3. డబ్బు, తేదీలు లెక్కవేయండి

2025 సెప్టెంబరు నుంచి ఎస్‌క్యూఈ1 ఫీజు 1,934 పౌండ్లు, ఎస్‌క్యూఈ2 ఫీజు 2,974 పౌండ్లు. రెండూ కలిపి 4,908. దాదాపు ఏటా పెరుగుతోంది కాబట్టి మీరు కట్టే నాటికి సరిచూసుకోండి. కోచింగ్ ఖర్చు దీనికి అదనం. అసలు కోచింగ్ తప్పనిసరి కాదు. ఎస్‌ఆర్‌ఏ ఏ కోచింగ్ సంస్థకూ గుర్తింపు ఇవ్వదు, కాబట్టి ‘ఎస్‌ఆర్‌ఏ అనుమతి పొందిన కోర్సు’ అని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఎస్‌క్యూఈ1 ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో జరుగుతుంది. పియర్సన్ వ్యూ కేంద్రాల్లో కంప్యూటర్ మీద రాస్తారు. ఇండియాలోనూ రాయవచ్చు. ఎస్‌క్యూఈ2లో నోటితో చేసే భాగం మాత్రం ఇంగ్లండ్, వేల్స్‌లోనే, లండన్, మాంచెస్టర్ లాంటి నగరాల్లో ఉంటుంది. అంటే వీసా, టికెట్, బస ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోవాలి.

ఒక్కో పరీక్షకు మూడు అవకాశాలే. మొదటి పరీక్ష రాసిన రోజు నుంచి ఆరేళ్లలో అన్నీ ముగించాలి. అందువల్ల ‘ఒకసారి రాసి చూద్దాం, ఎలా ఉంటుందో తెలుస్తుంది’ అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఊరికే రాసి చూసినా ఒక అవకాశం పోతుంది. ఎస్‌క్యూఈ1లో 2025 జనవరిలో 56 శాతం, అదే ఏడాది జూలైలో 41 శాతం మంది పాసయ్యారు. నమూనా ప్రశ్నలు పరీక్ష సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఎలా ఉంటుందో చూడాలంటే అవి చేయండి.

ఫలితం మీద అనుమానం వస్తే నోరు మూసుకుని కూర్చోవద్దు. 2024 జనవరి పరీక్షలో మార్కులను దగ్గరి అంకెకు సవరించడంలో జరిగిన పొరపాటు వల్ల, పాసైన 175 మందికి ఫెయిలైనట్టు ఫలితం వెళ్లింది. ఆ తర్వాత సరిదిద్దారు గానీ, ఈలోగా ఉద్యోగాలు చేజారిన వాళ్లూ ఉన్నారు.

4. ఎస్‌క్యూఈ1: తెలిసిన చట్టాన్ని పక్కన పెట్టండి

రెండు పేపర్లు, ఒక్కోదానిలో 180 ప్రశ్నలు. ఒక్కో పేపరు ఒక్కో రోజు, రెండు విడతలుగా, ఒక్కో విడత 2 గంటల 33 నిమిషాలు. ప్రశ్నకు 102 సెకన్లు. ప్రతి ప్రశ్నకూ ఐదు జవాబులుంటాయి, వాటిలో అన్నిటికన్నా సరైనది ఎంచుకోవాలి. తప్పుకు మార్కులు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి.

మొదటి పేపరులో కాంట్రాక్టు, టార్టు (ఒప్పందంతో పని లేకుండా ఇంకొకరికి చేసిన హానికి పరిహారం), వ్యాపార చట్టం, సివిల్ వివాదాలు, రాజ్యాంగ చట్టం వస్తాయి. రెండోదానిలో భూమి, ఆస్తుల క్రయవిక్రయం, వీలునామాలు, ట్రస్టులు, క్రిమినల్ చట్టం, సొలిసిటర్ల లెక్కలు. వృత్తి నీతి అన్నిట్లోనూ కలిసి వస్తుంది.

మన చట్టాల మూలం ఇంగ్లిష్ చట్టమే కదా, సగం వచ్చినట్టే అనుకుంటాం. ఆ ధీమాయే దెబ్బతీస్తుంది. పూర్తిగా కొత్త విషయమైతే జాగ్రత్తగా చదువుతాం. సగం తెలిసినదాన్ని చదవకుండానే జవాబు గుర్తుపెట్టేస్తాం, మన చట్టం ప్రకారం వచ్చే ఆ జవాబును కూడా ప్రశ్న రాసేవాళ్లు ఐదింట్లో ఒకటిగా పెడతారు. కొన్ని ఉదాహరణలు చూడండి.

కాంట్రాక్టులో ప్రతిఫలం, అంటే వాగ్దానానికి బదులుగా ఇచ్చేది. మన 1872 చట్టం ప్రకారం ప్రతిఫలం వాగ్దానం పొందినవాడి నుంచే రానక్కర్లేదు, ‘ఇంకెవరైనా’ ఇచ్చినా చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో వాగ్దానం పొందినవాడే ఇవ్వాలి. అలాగే, గతంలో చేసిన పని మన దగ్గర ప్రతిఫలంగా నిలబడుతుంది, అక్కడ కొన్ని మినహాయింపుల్లో తప్ప నిలబడదు. మైనరు చేసుకున్న ఒప్పందం మన దగ్గర మొదటినుంచీ చెల్లదు, 1903లో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో చెప్పింది అదే. ఆ తీర్పు చెప్పింది లండన్‌లోనే అయినా, అది మన చట్టం మీద. ఇంగ్లండ్‌లో లెక్క వేరు, నిత్యావసరాలకు చేసుకున్న ఒప్పందం మైనరును కట్టిపడేస్తుంది.

దొంగతనం. స్నేహితుడి సైకిలు అడక్కుండా తీసుకెళ్లి సాయంత్రం తిరిగిచ్చేద్దామనుకున్నా మన నేరచట్టంలో దొంగతనం కావచ్చు, దురుద్దేశంతో తాత్కాలికంగా తీసుకున్నా చాలు. ఇంగ్లండ్ 1968 థెఫ్ట్ యాక్టులో శాశ్వతంగా లేకుండా చేయాలనే ఉద్దేశం ఉండాలి. ప్రశ్నలో ఆ ఒక్క మాట ఉందా లేదా అన్నదాని మీదే జవాబు తిరుగుతుంది.

వీలునామా ఇంకా ప్రమాదకరం. భారత వారసత్వ చట్టం సెక్షన్ 63లో సాక్షులిద్దరూ ఒకేసారి అక్కడ ఉండాల్సిన పని లేదని స్పష్టంగా ఉంది. ఇంగ్లండ్ 1837 విల్స్ యాక్టులో ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉండగా వీలునామా రాసినవాడు సంతకం పెట్టాలి, లేదా ముందే పెట్టిన తన సంతకాన్ని వాళ్లిద్దరి ముందూ ఒప్పుకోవాలి. పైగా అక్కడ పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది. హిందువుల వీలునామా విషయంలో మనకు ఆ నియమం లేదు కాబట్టి తట్టనే తట్టదు. ఆ నియమాన్ని తీసేయమని 2025 మేలో అక్కడ చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ సిఫారసు చేసింది. సిఫారసు చట్టం కాదు, చట్టం మారేదాకా పరీక్షలో పాత జవాబే సరైనది.

కాలపరిమితి కూడా అంతే. ఒప్పందం మీద దావాకు మనకు మూడేళ్లు చేతివేళ్ల మీద ఉంటుంది, అక్కడ ఆరేళ్లు. అక్కడ మూడేళ్లు శరీర గాయాల కేసులకు.

అందుకే నా సలహా: ఒక నోటుపుస్తకంలో పేజీని రెండుగా మడవండి. ఎడమవైపు మన నియమం, కుడివైపు వాళ్లది. తేడా ఉన్నవే రాయండి, ఒకటైనవి రాయకండి. పరీక్షకు ముందు వారం ఆ పుస్తకం ఒక్కటే చదివినా మంచిదే.

పూర్తిగా కొత్తవి రెండున్నాయి, వాటికి ఎక్కువ రోజులు కేటాయించండి. ఒకటి భూమి చట్టం. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజును నమోదు చేస్తుంది, హక్కుకు హామీ ఇవ్వదు. అక్కడ హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ హక్కునే నమోదు చేసి ప్రభుత్వం తరఫున హామీ ఇస్తుంది. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి అలవాటైన కళ్లకు ఆ పద్ధతి మొదట గాల్లో ఉన్నట్టే ఉంటుంది. దానికి తోడు ఫ్లాట్లు ఎక్కువగా లీజు మీద అమ్ముడవుతాయి, 99 ఏళ్లకో 125 ఏళ్లకో.

రెండోది సొలిసిటర్ల లెక్కలు. క్లయింటు డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఫర్ము డబ్బుతో కలవకూడదు. కనీసం ఐదు వారాలకొకసారి బ్యాంకు లెక్కతో సరిచూడాలి. ‘సార్, ఈ డబ్బు మీ ఖాతాలో వేస్తాను, ఫలానావాళ్లకు పంపండి’ అని క్లయింటు అడిగితే, చేస్తున్న కేసుతో సంబంధం లేకపోతే కాదనాలి. 2023లో యాక్సియమ్ ఇన్స్ అనే పెద్ద ఫర్ములో 6 కోట్ల పౌండ్లకు పైగా క్లయింట్ల డబ్బు కనపడకుండా పోయి, ఎస్‌ఆర్‌ఏ దాన్ని మూయించిన తర్వాత ఈ నియమాల మీద నిఘా బాగా పెరిగింది. డెబిట్, క్రెడిట్ అంటేనే టెన్షన్ పడే లాయర్లు ఈ భాగం వదిలేస్తారు. నిజానికి ఇది మార్కులు తేలిగ్గా వచ్చే చోటు. నియమాలు తక్కువ, ప్రశ్నలు ఒకే తీరులో ఉంటాయి.

5. ఎస్‌క్యూఈ2: మన కోర్టు భాష వదలండి

ఇది పని చేసి చూపే పరీక్ష. మొత్తం 16 పనులు, అందులో 12 రాతవి, 4 నోటివి. చట్టానికి ఎన్ని మార్కులో, నైపుణ్యానికీ అన్నే.

క్లయింటుతో మాట్లాడే పనిలో 10 నిమిషాలు కాగితాలు చూసుకోవడానికి, 25 నిమిషాలు మాట్లాడటానికి, ఇంకో 25 నిమిషాలు ఆ మాటల సారాంశం రాయడానికి ఇస్తారు. ఎదురుగా కూర్చుని క్లయింటుగా నటించే వ్యక్తే మీకు మార్కులు వేస్తారు. చట్టం గురించి కాదు, మీరు విన్నారా, అర్థమయ్యేలా చెప్పారా, నమ్మకం కలిగించారా అన్నదానికి. మన ఆఫీసుల్లో క్లయింటు చెబుతుంటే మధ్యలో ఆపి ‘అవన్నీ వద్దు, డాక్యుమెంటు ఉందా లేదా’ అనడం మామూలే. అక్కడ ఆ ఒక్క మాటకే మార్కులు పోతాయి. ముందు వినండి, తర్వాత అడగండి, చివర్లో ఇప్పుడు మీరేం చేస్తారో, వాళ్లేం చేయాలో చెప్పండి.

రాతలోనూ అదే సమస్య. ‘మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ షోయెత్’ తరహా ఇంగ్లిషు, ఒక వాక్యంలో పది ఉపవాక్యాలు, లాటిన్ మాటలు, ఇవేవీ వద్దు. క్లయింటుకు రాసే ఉత్తరానికి ఇచ్చే సమయం 30 నిమిషాలే. చిన్న వాక్యాలు రాయండి. సలహా మొదటి పేరాలోనే ఉండాలి, కారణాలు తర్వాత. కోర్టు వాదనకు 45 నిమిషాల తయారీ, 15 నిమిషాల వాదన. కోర్టులో రోజూ నిలబడే మన లాయర్లు ఇందులో సహజంగా ముందుంటారు, గొంతు పెంచకుండా ఉంటే చాలు.

ఫలితాలకు నెలలు పడుతుంది. ఆ మధ్యలో ఉద్యోగ ప్రయత్నాలు మొదలుపెట్టండి.

6. రెండేళ్ల అనుభవం అవసరమైనవాళ్లకు

డిగ్రీ దారిలో వెళ్లేవాళ్లకే ఈ భాగం. రెండేళ్లు నాలుగు సంస్థలకు మించకుండా చేయవచ్చు. జీతం ఉన్నా లేకపోయినా లెక్కే. లా క్లినిక్‌లో స్వచ్ఛందంగా చేసిన పని, పారాలీగల్ ఉద్యోగం, ఇంగ్లండ్ బయట చేసిన న్యాయపని కూడా పనికొస్తాయి. అయితే ఇంగ్లండ్, వేల్స్ సొలిసిటర్ ఒకరు, లేదా ఆ ఫర్ములో నియమాల అమలు చూసే అధికారి దాన్ని ధ్రువీకరించాలి. మీరు సమర్థులని వాళ్లు చెప్పనక్కర్లేదు. ఎంతకాలం చేశారో, నేర్చుకునే అవకాశం దొరికిందో లేదో, నడవడిక మీద అనుమానాలేమైనా ఉన్నాయో చెబితే చాలు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఉద్యోగం మానేసి ఏడాది గడిచాక సంతకం కోసం వెతకడం. ఈలోగా ఆ సొలిసిటర్ ఇంకో ఫర్ముకి వెళ్లిపోతారు, లేదా మీరు గుర్తుండరు. చేరిన వారమే ‘నా అనుభవాన్ని ధ్రువీకరిస్తారా’ అని మెయిల్‌లో అడగండి. ప్రతి వారం ఏం చేశారో క్లయింట్ల పేర్లు లేకుండా నాలుగు లైన్లు రాసుకుని, నెలకోసారి ఆయనకో ఆమెకో చూపించండి. వెళ్లేటప్పుడు సంతకం తీసుకునే వెళ్లండి.

పారాలీగల్‌గా చేసేటప్పుడు ఒక హద్దు గుర్తుంచుకోండి. దావా నడపడం చట్టం కొందరికే కేటాయించిన పని. సొలిసిటర్ పర్యవేక్షణ ఉన్నంత మాత్రాన ఆఫీసులో ఎవరైనా దావా నడపవచ్చా అన్న ప్రశ్నకు, కుదరదని 2025 సెప్టెంబరులో మజుర్ కేసులో హైకోర్టు చెప్పింది. ఫర్ములన్నీ ఉలిక్కిపడ్డాయి, విషయం అప్పీలుకు వెళ్లింది. మీరు చేరే నాటికి పరిస్థితి ఏమిటో చూసుకుని, ఏ ఉత్తరం మీద ఎవరి సంతకం ఉండాలో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

7. పేరు నమోదయ్యాక

అన్నీ పూర్తయ్యాక ఎస్‌ఆర్‌ఏ మీ పేరు సొలిసిటర్ల జాబితాలో చేరుస్తుంది. అంతటితో ప్రాక్టీసు చేయవచ్చనుకోకండి. దానికి ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ వేరే ఉంది, ఏటా అక్టోబరులో కొత్తది చేయించుకోవాలి. ఇన్ని గంటల శిక్షణ తప్పనిసరి అనే పద్ధతి 2016 నవంబరులో పోయింది. ఇప్పుడు ఏం నేర్చుకోవాలో మీరే తేల్చుకుని, నేర్చుకున్నామని ఏటా ప్రకటించాలి. వినడానికి సులువుగా ఉంటుంది, కానీ ఫిర్యాదు వచ్చిన రోజున రాతపూర్వకంగా ఏదీ లేకపోతే ఇబ్బందే.

మొదటి ఏడాదిలో రెండు విషయాల్లో అతిజాగ్రత్త మంచిది. అవతలి సొలిసిటరుకు మీరిచ్చే హామీ, అక్కడ అండర్‌టేకింగ్ అంటారు, ఫోనులో నోటితో ఇచ్చినా మిమ్మల్ని వ్యక్తిగతంగా కట్టేస్తుంది. ఇళ్ల అమ్మకాలన్నీ ఆ హామీల మీదే నడుస్తాయి. మీ చేతిలో లేని పని చేస్తామని ఎప్పుడూ హామీ ఇవ్వకండి.

రెండోది ఏఐ. 2025 జూన్‌లో లండన్ హైకోర్టు, లేని తీర్పులను చూపించిన రెండు కేసులను కలిపి విని గట్టిగా మందలించింది. ఒక కేసులో చూపించిన 45 తీర్పుల్లో 18 అసలు లేనే లేవు. క్లయింటే వెతికి తెచ్చాడన్న మాట సొలిసిటరును కాపాడలేదు. మీరు రాసే ప్రతి తీర్పునూ అసలు నివేదికలో తెరిచి చూడండి. జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో చాలా తీర్పులు ఉచితంగానే దొరుకుతాయి.

8. వీసా, ఇంటిదారి

సొలిసిటర్ అర్హత వస్తే వీసా దానంతటదే రాదు, రెండూ వేర్వేరు. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ కనీస జీతం 2025 జూలై 22 నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. ఆ ఉద్యోగానికి నిర్ణయించిన రేటు అంతకన్నా ఎక్కువైతే ఆ ఎక్కువదే వర్తిస్తుంది. చదువుకుని వెంటనే చేరేవాళ్లకు కొంత తగ్గింపు ఉంది. చదువు తర్వాత ఉండేందుకిచ్చే గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది. ఎల్‌ఎల్‌ఎం చేస్తూ ఈ దారి పట్టేవాళ్లు ఎస్‌క్యూఈ1 తేదీని దీన్నిబట్టి వెనక్కి లెక్కపెట్టి ఎంచుకోవాలి. చదువుతుండగానే ఎస్‌క్యూఈ1 అయిపోతే ఫర్ములు మిమ్మల్ని చూసే తీరు వేరుగా ఉంటుంది.

ఇంగ్లండ్‌కి మారకుండా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి ఈ అర్హత వాడుకుందామనుకునేవాళ్లూ ఉన్నారు. విదేశీ లాయర్లు, ఫర్ములు ఇక్కడ కోర్టు బయట విదేశీ చట్టం మీద సలహా ఇవ్వడానికి వీలు కల్పించే నియమాలను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2023లో తెచ్చి 2025 మేలో సవరించింది. లండన్ ఫర్ముల పని ఇక్కడినుంచే చేసే కార్యాలయాల్లో రెండు దేశాల అర్హతలున్న మనిషికి గిరాకీ ఉంటుంది. అది కూడా ఆలోచించదగ్గ దారే, పైగా వీసా గొడవ లేదు.

ఏ దారి పట్టినా, ఉద్యోగం ఇప్పిస్తామని ఏజెంటు ఎవరైనా ముందు డబ్బడిగితే రెండు పనులు చేయండి. ఆ ఫర్ము పేరు, అందులోని సొలిసిటర్ పేరు ఎస్‌ఆర్‌ఏ రిజిస్టరులో వెతకండి. ఆ ఫర్ముకు స్పాన్సర్ లైసెన్సు (విదేశీయులను వీసా మీద ఉద్యోగంలో పెట్టుకునే అనుమతి) ఉందో లేదో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టిన జాబితాలో చూడండి. రెండూ ఉచితం, పది నిమిషాల పని. రెండింట్లో ఏ ఒక్కదాంట్లో పేరు కనపడకపోయినా పైసా కట్టకండి.